బీరువాలో శ్రుతి

ఆ మేడ మూడో అంతస్తు చివరి గది సంగతి మీరు వినే ఉంటారు. వినకపోతే ఇప్పుడు వినండి. నేను విన్నది విన్నట్టే చెప్తాను. మధ్యలో భయమేస్తే మాత్రం నన్ననొద్దు.

ఆ గదిలో దిగినవాడెవడూ నిలవలేదు. మొదట ఒక గుమాస్తా దిగాడు. ఐదో రోజు తెల్లారి చూస్తే అద్దం ముందు గడ్డం గీసుకునే బ్రష్షు నురగతో సహా ఉంది, మనిషి లేడు. తర్వాత కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. వారం తిరిగేసరికి పిల్ల చిక్కి సగమైందని వాళ్ళమ్మ వచ్చి ఓనరుతో పెద్ద గొడవ పెట్టుకుంది. ఆఖరికి ఒక వాచ్‌మన్. దెయ్యమూ లేదు గియ్యమూ లేదని మీసం దువ్వినవాడు రెండో రాత్రే కాలికి బుద్ధి చెప్పాడు. వాడి చెప్పులు చాలాకాలం మెట్ల మీదే పడి ఉన్నాయి.

అందరూ చెప్పింది ఒకటే. అర్ధరాత్రి దాటాక గదిలోని గోడ బీరువాలోంచి ఒక చప్పుడు వస్తుంది... మూలుగు కాదు, ఏడుపూ కాదు. నోరు మూసుకుని పాడితే వస్తుందే – ఆ చప్పుడు. ఒకటే స్వరం. ఆగుతుంది. మళ్ళీ అదే స్వరం.

బీరువా తెరిస్తే ఖాళీ.

వెనకటికి ఆ గదిలో ఫిడేలు టీచరమ్మ ఉండేది. ఓనరుకి సొంత అక్క. రెండేళ్ళ కిందట ఒక రాత్రి ఆమెని ఆంబులెన్సులో ఎక్కించడం వీధంతా చూసింది. దించడం ఎవరూ చూడలేదు. ఓనరుని అడిగితే మొహం తిప్పుకునేవాడు. ఇంకేం అడుగుతాం, పోయి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఆ తర్వాతే మొదలైంది ఈ చప్పుడు.

అలాంటి గదిలోకి, కోరి కోరి, చంకలో ఒక గిటారు పెట్టుకుని దిగింది కత్తెరక్క.

కత్తెరక్క అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ వీధి మొదట్లో బట్టలు కుడుతోంది. చేతిలో కత్తెర ఎంత పదునో నోట్లో నాలుకా అంతే. అమ్మానాన్నా పోయాక తమ్ముణ్ణి చదివించింది ఆ కుట్టు మిషనే. తమ్ముడికి ఉద్యోగమొచ్చింది, పెళ్ళయింది, పిల్లలొచ్చారు. అక్కకి ముందు గదిలో మిషను పక్కన ఒక మడతమంచం మిగిలింది. తమ్ముడు చెడ్డవాడేం కాదు, అక్కంటే ప్రాణమే. కాకపోతే ఆయన పడుకున్నాక మిషను తొక్కితే లోపల్నుంచి ఒక కేక వచ్చేది – "చప్పుడు చెయ్యకక్కా." పదేళ్ళుగా వస్తూనే ఉంది ఆ కేక.

ఇక గిటారు సంగతి. నలభై ఏడేళ్ళకి ఈ పిచ్చి పట్టిందేంటి అనుకుంటారేమో. పట్టింది పన్నెండేళ్ళప్పుడు. మంగలి షాపు రేడియోలో ఎవరో గిటారు వాయిస్తుంటే వింటూ వింటూ సూది వేల్లో గుచ్చేసుకుంది. ఆ తర్వాత చెయ్యి ఖాళీ దొరికితేగా. పైగా ఒకసారి మిషను సూది ఎడమచేతి ఉంగరం వేల్లోకి దిగిపోయి, ఆ వేలు మరి వంగడం మానేసింది. ఇంక నాకీ జన్మకి గిటారు లేదులే అనుకుని ఊరుకుంది.

అలాంటిది ఒకరోజు దారాలు కొనడానికి వెళ్తూ వాయిద్యాల షాపు ముందు ఆగింది. లోపల వెనక గోడకి, ప్లాస్టిక్ పిల్లనగ్రోవుల మధ్య, దుమ్ము పట్టి ఒక చిన్న గిటారు వేలాడుతోంది. నాలుగే తీగలు. మెడ సన్నగా ఉంది, మూడు వేళ్ళతో కూడా అందేలా ఉంది. టెనార్ గిటారంటారట దాన్ని, ఎవరూ అడగరమ్మా, ఆరు తీగలది తీసుకోండని షాపువాడు చెప్పి చూశాడు. ఈవిడ వింటేగా. బట్ట తానుని చూసినట్టే దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. ఒక కన్ను మూసి మెడ వంకరుందేమో చూసింది, వెనక అతుకులు గోటితో గీరి చూసింది. షాపులో ఉన్న వాటన్నిట్లోకీ చౌకది అదే. బేరం కూడా ఆడకుండా తెచ్చేసుకుంది.

ఆ రాత్రే ఇంట్లో గొడవ.

"ఈ వయసులో ఏంటక్కా ఇది? నలుగురూ నవ్వుతారు" అన్నాడు తమ్ముడు.

"నవ్వనీ. ఆ నలుగురి బట్టలూ కుట్టేది నేనే. ఎవరి కొలతలేంటో నాకు తెలుసు" అంది ఆవిడ.

మాటా మాటా పెరిగింది. ఇంట్లో మాత్రం ఆ టంగుటంగులు కుదరవని తమ్ముడు తేల్చేశాడు. అయితే ఇంట్లోనే ఉండనని అక్క తేల్చేసింది. ఎక్కడికి పోతావన్నాడు. ఎవరూ ఉండలేని చోట ఉంటానంది. నోరు జారి అన్న మాటే గానీ, అన్నాక కత్తెరక్క వెనక్కి తీసుకోదు. ఆ గదిలోంచి తను భయపడి తిరిగొచ్చిన రోజు ఆ గిటారు తన చేతుల్తోనే ఎవరికో ఇచ్చేసి, ఆ మడతమంచం మీదే నోరు మూసుకుని పడుంటానని తమ్ముడి ముందు ఒట్టు పెట్టింది.

మర్నాడు ఓనరు దగ్గరికి వెళ్ళింది. మొలకి తాళాలగుత్తి వేలాడేసుకుని తిరుగుతాడని ఆయన్ని తాళాలాయన అంటారు. భార్య పోయి చాలాకాలమైంది. ఆ చివరి గది పక్క వాటాలోనే ఉంటాడు. కత్తెరక్కకి పాత బేరమే. ఆరు నెలలకోసారి తెల్లటి నూలు గౌన్లు మూడు కుట్టించుకునేవాడు, పొరుగూళ్ళో మంచాన పడ్డ పిన్ని కోసమట. ఆమెకి కుడిచెయ్యి పడిపోయింది, తొడగడం కష్టమని చంక నుంచి కిందిదాకా కుడి పక్కంతా తెరిచి నాడాలు పెట్టమనేవాడు. మంచాన ఉన్న మనిషికి ఒరుసుకోకూడదని కత్తెరక్క ఆ నాడాలు రెండు పొరలుగా మడిచి, మొదట్లో ఊడకుండా నీలం దారంతో చిన్న ఇంటూ కుట్టు వేసేది. అడక్కుండానే వేసేది.

గది అడిగేసరికి తాళాలాయన నీళ్ళు నమిలాడు. దెయ్యముందమ్మా అన్నాడు. ఉండనీ అంది. అద్దె ఎక్కువన్నాడు, సరే అంది. ఏం చెప్పాలో తెలియక, పది రాత్రులు ఉండి చూడు, ఉండగలిగితే ఆ గది నీదే అన్నాడు. పారిపోతుందని ఆయన నమ్మకం.

మొదటి రాత్రి ఆవిడ నిద్రపోలేదు. దీపం పెట్టుకుని ఒక లంగా అంచు కుట్టుకుంటూ కూర్చుంది. పదకొండైంది. పన్నెండైంది. వీధిలో కుక్కలు కూడా పడుకున్నాయి.

అప్పుడు...

"మ్‌మ్‌మ్..."

సూది ఆగిపోయింది.

"మ్‌మ్‌మ్..."

బీరువాలోంచే. సన్నగా, తిన్నగా, ఊపిరి ఉన్నంతసేపూ. ఆవిడ పైప్రాణాలు పైనే పోయాయి. అయినా లేచింది. కత్తెర చేత పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళి బీరువా తలుపు లాగింది. ఖాళీ. మూడు హ్యాంగర్లు. కింద పరిచిన పాత పేపరు.

చప్పుడు ఆగిపోయింది.

తలుపు మూసింది.

"మ్‌మ్‌మ్..."

తెల్లారేదాకా తలుపుకి వీపు ఆనించి, కత్తెర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోడి కూయగానే సంచీ సర్దేసింది కూడా. మూడు అంతస్తులూ దిగింది. ఆఖరి మెట్టు మీద ఆ మడతమంచం గుర్తొచ్చింది. 'చప్పుడు చెయ్యకక్కా' గుర్తొచ్చింది. కాసేపు అక్కడే నిలబడి, తనని తాను నాలుగు తిట్టుకుని మళ్ళీ పైకెక్కింది.

ఇక్కడ ఇంకో బాధ ఉంది. దెయ్యం సంగతి దెయ్యంది, అసలు గిటారే పలకడం లేదు. చౌక సరుకు కదా. తీగలు మెడ మీది ఇత్తడి మెట్ల మీద ఎంత ఎత్తున ఉన్నాయంటే కింద నుంచి పెన్సిలు దూర్చొచ్చు. నొక్కితే వేళ్ళలో గాళ్ళు పడుతున్నాయి. మెట్ల అంచులు అరచేతిని గీరుతున్నాయి. పొద్దున్నే దాన్ని తీసుకుని జిగురు తాత దగ్గరికి వెళ్ళింది.

రైలు గేటు పక్క సందులో ఉంటాడా తాత. విరిగిన కుర్చీ, పగిలిన ఫిడేలు, ఊడిన బొమ్మ తల – ఏదైనా అతికించేస్తాడు. గిటారు అటూ ఇటూ తిప్పి చూసి, చౌకదని సిగ్గుపడకమ్మాయ్, చెక్క మంచిదే, కుదురు లేదంతే అన్నాడు. ఆ కుదిర్చే పని తను చెయ్యనన్నాడు. చేసేది నువ్వే, నేను పక్కన కూర్చుంటాను అన్నాడు.

సరే, మొదలుపెట్టింది. మెడ లోపల ఇనప కడ్డీ ఒకటి ఉంటుంది, దాన్ని చిన్న తాళంచెవితో పావు చుట్టు తిప్పి మెడ వంపు సరిచేసింది. తీగల్ని కింద మోసే బ్రిడ్జి మీది తెల్ల పట్టీని ఊడదీసి, అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి, అడుగున అరగదీసింది. ఎంత అరిగిందో చూడ్డానికి తాత స్కేలు ఇవ్వబోతే వద్దంది. కాలర్లలో పెట్టే గట్టి కాన్వాసు ముక్కలు కత్తిరించి తెచ్చుకుంది. తీగ కింద రెండు ముక్కలు పట్టాలి, మూడోది పట్టకూడదు. తాత చూసి నోరు తెరిచాడు.

అక్కడిదాకా బానే ఉంది. తల దగ్గర తీగలు కూర్చునే గాళ్ళ దగ్గర దెబ్బతింది. గుర్తు పెట్టుకో, కానీ గుర్తుదాకా కొయ్యకు, కాస్త కోసి తీగ ఎక్కించి చూడు, మళ్ళీ కాస్త కొయ్యి – తాత చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. కానీ ఇరవై ఆరేళ్ళ చెయ్యి అది. గీత గీశాక గీతదాకా ఒక్క ఊపున కోయడమే దానికి తెలుసు. మూడో తీగ గాడి సర్రున దిగిపోయింది. తీగ మీటితే ఈగ ముసిరినట్టు జుయ్‌మంది.

తాత తిట్టిన తిట్లు నేనిక్కడ చెప్పను. ఎముక పొడి, జిగురు కలిపి ఆ గాడి పూడ్చి, తనే మళ్ళీ కోసిచ్చాడు. అయినా ఆ తీగ మాత్రం మొండికేసేది. గాడిలో పట్టేసినట్టు ఉండి, ఉండుండి టక్కున జారిపోయేది. ఏ రోజుకారోజు శ్రుతి చేసుకోమన్నాడు. మిషన్లు కొనకు, చెవి పెట్టి నేర్చుకో, నాలుగు తీగల మధ్యా ఫిడేలు తీగలకున్న ఎడమే ఉంటుంది అని తను బిగించి చూపించాడు.

గదికొచ్చేసరికి నాలుగూ జారిపోయాయి. కొత్త తీగలు కదా, సాగుతాయి.

రెండో రాత్రీ మూడో రాత్రీ అలాగే గడిచాయి. ఈవిడ తీగలు బిగించే బిరడాలు తిప్పుతూ ఉంటుంది, ఏ తీగ ఎక్కడుండాలో తెలియదు. బీరువా "మ్‌మ్‌మ్..." అంటుంది. ఈవిడకి ఒళ్ళు జలదరిస్తుంది. తీగ మీటుతుంది. బీరువా గొంతు ఇంకాస్త గట్టిగా వస్తుంది... పంటి కింద రాయి పడ్డట్టు.

నాలుగో రాత్రి ఆవిడకి కోపమొచ్చింది. భయం ఎంతసేపని భయపడతారు చెప్పండి, విసుగు రాదూ?

"అంత తెలిసినదానివి సరిగ్గా చెప్పు. ఎక్కడ పెట్టాలి?" అంది బీరువాతో.

బీరువా వైపు చెవి పెట్టింది.

తర్వాత... "మ్‌మ్‌మ్..."

ఆవిడ మొదటి తీగ మీటి, బిరడా తిప్పింది. తిప్పింది. తిప్పుతూనే ఉంది... ఒకచోట గొంతూ తీగా ఒకటైపోయాయి. రెండిటికీ తేడా తెలియలేదు. చేతిలో గిటారు చెక్క సన్నగా అదిరింది.

గొంతు ఆగింది. ఒక్క క్షణం. మళ్ళీ వచ్చింది – ఈసారి వేరే స్వరం. పైది.

ఆవిడ ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇన్ని రాత్రులుగా అదే స్వరం పట్టుకు వేలాడింది ఏడవడానికి కాదు. మొదటి తీగ కుదిరితే గానీ రెండోది ఇవ్వదు! ఏడుపొచ్చేలా ఉన్నా నవ్వొచ్చింది ఆవిడకి. రెండో తీగ తిప్పింది. మూడోది. నాలుగోది. తెల్లవారుజాముకి నాలుగూ కుదిరాయి. వేళ్ళు కందిపోయాయి. భయం ఉంది, లేదని చెప్పను. భయపడుతూనే నాలుగు తీగలూ కలిపి ఒక్కసారి మీటింది.

బీరువాలో ఎవరో పొడుగ్గా ఊపిరి వదిలారు.

ఆరో రోజు గిటారు తీసుకుని తాత దగ్గరికి వెళ్ళింది. ఎవరు శ్రుతి చేశారని తాత అడిగాడు. దెయ్యం అంది. తాత నవ్వుతూ నాలుగు తీగలూ మీటాడు... నవ్వు ఆగిపోయింది. మళ్ళీ మీటాడు.

నేను బిగించిచ్చింది ఇంతకంటే కాస్త పైన కదా అన్నాడు. ఇది కొంచెం దించిన శ్రుతి. ఇలా దించి పెట్టుకునే మనిషిని ఒక్కరినే చూశానన్నాడు. ఫిడేలు టీచరమ్మ. ఆమె ఫిడేలు పాతది, పొట్ట చీలింది, తనే అతికించాడు. ఎక్కువ బిగిస్తే మళ్ళీ చీలుతుందని చెప్తే, ఆనాటి నుంచీ ఈ శ్రుతిలోనే వాయించేది, పిల్లలకీ ఇందులోనే నేర్పేది.

"వెళ్ళిపో అమ్మాయ్ ఆ గదిలోంచి" అన్నాడు తాత గొంతు తగ్గించి. "శ్రుతి తప్పితే ఆమెకి ఒళ్ళు మండేది. పక్క వాటాలో ఎవరైనా తప్పు వాయించినా నిద్రలోంచి లేచొచ్చి సరిచేసేది. చచ్చినా వదల్లేదన్నమాట."

ఆవిడ గిటారు సంచీలో పెట్టుకుంది.  వెళ్ళను తాతా, ఇంత బాగా నేర్పేవాళ్ళు బతికున్నవాళ్ళలో నాకెవరు దొరుకుతారు అని చెప్పి వచ్చేసింది.

అయినా అనుమానం పోవాలి కదా. ఎనిమిదో రాత్రి కావాలనే రెండో తీగ కాస్త వదులు చేసి, ఏమీ ఎరగనట్టు వాయించింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారికి –

దబ్!

బీరువా వెనక చెక్క మీద అరచేత్తో కొట్టినట్టు. హ్యాంగర్లు మూడూ ఊగాయి. కత్తెరక్క ఎగిరి మంచం మీద పడింది.  కాసేపటికి తేరుకుని, తప్పైపోయింది టీచరమ్మా అని తీగ బిగించింది. ఆ రాత్రి తెల్లారేదాకా మరి ఏ అల్లరీ లేదు. ఒక చిన్న పాట ముక్క పట్టుబడింది కూడా – మంగలి షాపు రేడియోలో విన్నదే. ఆవిడ తప్పినచోట ఆ గొంతు ముందుండి లాక్కెళ్ళింది.

తొమ్మిదో రోజు సాయంత్రం మెట్ల మీద తాళాలాయన ఎదురయ్యాడు. కళ్ళు లోపలికి పోయాయి. నిద్ర లేని మొహం.

"రాత్రుళ్ళు... ఏమైనా వినిపిస్తోందా అమ్మా?"

వినిపిస్తోంది, నాకంటే బాగా పాడుతోంది అంది ఈవిడ. ఆయన మొహం పాలిపోయింది. మొలకున్న తాళాలు గలగలమన్నాయి. గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి పక్క వాటాలో ఏవో సామాన్లు జరుపుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

పదో రాత్రి.

ఇదొక్కటీ గడిస్తే గది ఆవిడదే. దీపం వెలిగించుకుని కూర్చుంది. పన్నెండైంది. ఒంటిగంట అయింది. బీరువాలోంచి ఏమీ రాలేదు. రెండు కావస్తోంది. ఏమీ లేదు.

టీచరమ్మా, అని పిలిచింది. పలుకు లేదు.

వింత ఏంటంటే, దెయ్యం ఉన్న రాత్రులన్నిటి కంటే లేని ఈ రాత్రే ఆవిడకి ఎక్కువ దిగులుగా ఉంది. గెలిచాను కదా అని సరిపెట్టుకోబోయింది. కుదర్లేదు. గిటారు తీసి వాయించడం మొదలుపెట్టింది. పాట సగంలో మూడో తీగ టక్కున జారింది. తిప్పింది. ఎక్కువైంది. దించింది. తక్కువైంది. ఎవరు చెప్తారు ఇప్పుడు? పోనీ వదిలేద్దామంటే పంతం. తప్పో ఒప్పో, ఆ జారిన తీగతోనే పాట మళ్ళీ మొదటి నుంచి వాయించింది. ఇంకా గట్టిగా. మేడంతా వినిపించేలా. చప్పుడు చెయ్యొద్దనేవాళ్ళెవరూ లేరుగా ఇక్కడ.

రెండోసారి వాయించింది. మూడోసారి.

వరండాలో... సర్ర్...

చెయ్యి ఆగిపోయింది.

సర్ర్... టప్. సర్ర్... టప్. ఎవరో ఒక కాలు ఈడుస్తున్నారు. ఒక కాలు వేస్తున్నారు. గోడకి చెయ్యి రాసుకుంటున్న చప్పుడు. దగ్గరవుతోంది... తలుపు దాకా వచ్చి ఆగింది.

తలుపు గడియ వెయ్యలేదని అప్పుడు గుర్తొచ్చింది.

తలుపు దానంతటదే మెల్లగా లోపలికి తెరుచుకుంది. గుమ్మంలో తెల్లటి ఆకారం. విరబోసుకున్న తెల్ల జుట్టు. కుడిచెయ్యి ప్రాణం లేనట్టు వేలాడుతోంది. మూతి ఒక పక్కకి లాగేసింది. మూసుకున్న ఆ నోట్లోంచే వస్తోంది – "మ్‌మ్‌మ్..."

కిటికీ ఉంది, అరవొచ్చు. గుమ్మం పక్కన సందుంది, తోసుకుని మెట్ల మీదికి పరిగెత్తొచ్చు. పరిగెత్తితే మడతమంచం ఉంది.

కత్తెరక్క కదల్లేదు.  

"రా" అంది. "వస్తే రా. నేను మాత్రం వెళ్ళను."

ఆకారం ఒక అడుగు వేసింది. ఇంకొక అడుగు. దీపం వెలుగులోకి వచ్చింది. ఎడమచెయ్యి వణుకుతూ ముందుకి చాపింది... ఆ చాపడంలో గౌను కుడి పక్క కాస్త తొలిగింది.

నాడాలు. చంక నుంచి కిందిదాకా తెల్లటి నాడాలు. ఒక్కోదాని మొదట్లో నీలం దారంతో చిన్న ఇంటూ గుర్తు.

ఆ కుట్టు తనదే.

రెండేళ్ళుగా ఆరు నెలలకి మూడు చొప్పున, అడక్కుండానే వేస్తున్న కుట్టు అది. దెయ్యానికి గౌన్లు కుట్టింది తనే. కత్తెరక్క వేలు చాపి ఆ నీలం దారాన్ని తడిమింది. 

టీచరమ్మ మాత్రం ఆవిడ మొహం కూడా చూడలేదు. ఎడమచెయ్యి తిన్నగా గిటారు తల మీదికి వెళ్ళింది. మూడో తీగ బిరడా పట్టుకుని, ఇంత... ఇంకొంచెం ఇంత... తిప్పింది. వేలితో మీటింది. చాలు అన్నట్టు తలాడించింది. ఆ తర్వాత గానీ మంచం మీద కూర్చుని ఆయాసపడలేదు.

తాళాలాయన చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు.

"అక్క... నడిచిందా?"

రెండేళ్ళయిందట అడుగు తీసి అడుగు వేసి. ఆయన గోడకి చేరగిలబడి ఏడ్చేశాడు. పక్షవాతం వచ్చి మాట పోయాక చూడ్డానికి వచ్చిన శిష్యుల్ని చూసి అక్క గోడవైపు తిరిగి పడుకుందట. ఎవరికీ చూపించొద్దనే అనుకున్నాడు. రాత్రికి రాత్రి ఆస్పత్రి నుంచి తీసుకొచ్చి పక్క గదిలో పెట్టుకున్నాడు. రెండు గదుల మధ్యా వెనకటికి తలుపుండేది, దాన్నే చెక్క కొట్టి బీరువా చేయించాడు. ఎవరో పోయిందన్నారు, తను కాదనలేదు. దెయ్యమన్నారు, అదీ కాదనలేదు. నిన్న మెట్ల మీద కత్తెరక్క మాట విని భయపడి మంచం వీధి వైపు గదిలోకి మార్చేశాడు. అన్నీ తనే చూసుకున్నాడు, తిండీ స్నానం అన్నీ. ఎవరికీ చెప్పకమ్మా అని చేతులు జోడించాడు.

కత్తెరక్కకి ఆయన మీద జాలేసింది. జాలికంటే ఎక్కువ కోపమొచ్చింది.

"ఇన్ని గౌన్లు కుట్టించావు కదన్నయ్యా. అన్నీ మంచం మీద వేసుకునేవే" అంది. "వీధిలోకి వేసుకెళ్ళడానికి ఒక్కటైనా కుట్టించావా?"

 టీచరమ్మ తమ్ముడి వంక చూసి, ఎడమచేత్తో మంచం పట్టె మీద ఒక్క దెబ్బ వేసింది. దబ్. బీరువాలో వినిపించిన దెబ్బే.

కత్తెరక్క సంచీలోంచి కొలతల టేపు తీసి, అప్పటికప్పుడు, రాత్రి రెండున్నరకి, టీచరమ్మ భుజం కొలత తీసుకుంది.

పదకొండో రోజు పొద్దున్నే తమ్ముడొచ్చాడు. అక్క పది రాత్రులూ గెలిచిందని వీధంతా అనుకుంటుంటే నమ్మలేక వచ్చాడో, ఇల్లు బోసిగా ఉండి వచ్చాడో తెలియదు. మూడో అంతస్తు ఎక్కేసరికి గదిలో గిటారు మోగుతోంది. దాంతోపాటు... బీరువా గొంతని అందరూ చెప్పుకునే ఆ గొంతు. పట్టపగలు. నిక్షేపంగా.

తలుపు మీద వేలితో కొట్టాడు. గుసగుసగా అడిగాడు.

"అక్కా... లోపల నీతో ఎవరు?"

గిటారు ఆగింది. లోపల్నుంచి కత్తెరక్క గొంతు వినిపించింది.

"దెయ్యంరా. పాఠం చెప్తోంది. చప్పుడు చెయ్యకు."